బుసకొట్టే వాల్వుకు టోపీ

నల్లా నీళ్లలో అప్పుడప్పుడు తగిలే క్లోరిన్ ఘాటు వాసన గంభీరావుపేటలో ఎవరికీ కొత్త కాదు. నీటి శుద్ధి కేంద్రాల్లో ఆ క్లోరిన్‌ను ఇనుప టన్నర్లలో నింపి ఉంచుతారు. ఒక్కోదానిలో 900 కిలోలు, అదీ ద్రవరూపంలో. టన్నరు లీకైతే ఆపే పనివాళ్ల నేర్పు చాలామందికి తెలియదు. సిరిసిల్ల సాంచెల మీద తెగిన పోగును ముడేసే చేతుల నిదానమే వాళ్ల చేతుల్లోనూ ఉంటుంది.

ముందుగా చూసేది గాలి ఎటు వీస్తోందని. క్లోరిన్ గాలికంటే రెండున్నర రెట్లు బరువు, పల్లం వెతుక్కుంటూ పోతుంది. అందుకే గాలి వచ్చే వైపు నుంచి, మెరక మీదుగా దగ్గరికి వెళ్తారు. గాలివాలులో చిక్కినవాళ్లను మాత్రం గాలికి అడ్డంగా పక్కకు పంపిస్తారు. లోపలికి ఒంటరిగా ఎవరూ పోరు. వీపున గాలి సిలిండరు, ముఖమంతా కప్పే మాస్కు తప్పనిసరి. మూతికి తడిగుడ్డ కట్టుకుంటే సరిపోదు.

రంధ్రం ఎక్కడుందో పట్టడానికి అమ్మోనియా ఆవిరిని వాల్వు దగ్గర తిప్పుతారు. క్లోరిన్ తగిలిన చోట తెల్లటి పొగ లేస్తుంది. లీకు మీద నీళ్లు మాత్రం చల్లరు. తడి తగిలితే ఆమ్లం పుట్టి ఇనుమును తినేస్తుంది, సన్నటి రంధ్రం పెద్దదవుతుంది.

నన్ను ముగ్ధుణ్ని చేసేది ఆ తర్వాతి పని. రోలర్ల మీద పడుకున్న టన్నరును మెల్లగా దొర్లించి, లీకు పైకి వచ్చేలా తిప్పుతారు. రంధ్రం కిందుంటే ద్రవమే బయటికొస్తుంది, ఒక వంతు ద్రవం దాదాపు 460 వంతుల వాయువవుతుంది. పైకి తిప్పితే వాయువు మాత్రమే పోతుంది. అలా పోతుంటే లోపలి ద్రవం ఆవిరవుతూ చల్లబడుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, లీకు తనంతట తానే నెమ్మదిస్తుంది. ఎంత తెలివైన తిప్పు!

ఇక టోపీ. దాన్ని హుడ్ అంటారు. వాల్వు మీద బోర్లించే ఉక్కు గిన్నె అది, అంచున గాస్కెట్, నెత్తిన చిన్న వాల్వు. ఆ చిన్న వాల్వు తెరిచి ఉంచే హుడ్ పెడతారు. లోపలి ఒత్తిడికి దారి దొరుకుతుంది కాబట్టి హుడ్‌ను పైకి తన్నదు. అంచుకు తగిలించిన పట్టీ మీది మరను బిగించి, గాస్కెట్ సరిగ్గా కూర్చున్నాకే ఆ చిన్న వాల్వు మూస్తారు. వరస తప్పితే పని చెడుతుంది.

అన్ని లీకులూ టోపీకి లొంగవు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకులో స్టైరీన్ అనే రసాయనం తనలో తానే ముడిపడుతూ వేడెక్కి, ఆవిరై ఊరి మీద పడింది. 12 మంది పోయారు. ఎన్‌డీఆర్‌ఎఫ్ జవాన్లు ఇంటింటికీ వెళ్లి మనుషుల కోసం వెతికారు. గుజరాత్ నుంచి విమానంలో తెప్పించిన పీటీబీసీ అనే నిరోధకాన్ని వాడి, ట్యాంకును చల్లబరిచి వశం చేసుకున్నారు. సైరన్ మాత్రం మోగలేదు. ఆ ఒక్క మాట చదివినప్పుడల్లా మనసు రగులుతుంది.

అందుకే నేనైతే ఏ కేంద్రానికి వెళ్లినా మొదట హుడ్, గాస్కెట్లు ఉండే కిట్టు ఎక్కడుందో అడుగుతాను. అది క్లోరిన్ గదిలో ఉండకూడదు. గదిలో లీకైతే కిట్టు కోసం ఆ గదిలోకే పోవాల్సి వస్తుంది. బయట, చేతికందే చోట, ఎండిపోని గాస్కెట్లతో ఉండాలి.