ముందే ఉందండి

సర్వీసింగ్ నుంచి వచ్చిన కారు మీద కొత్త దెబ్బ చూపించి ఇదేమిటని అడిగితే, గాజువాకలోనైనా మధురవాడలోనైనా వినిపించే మొదటి జవాబు ఒకటే: "అది ముందే ఉందండి." చాలా మర్యాదగా చెబుతారు. ఆ మర్యాదకే కొందరు తల ఊపి ఇంటికి వెళ్లిపోతారు. మిగిలినవాళ్లు గొంతు పెంచుతారు. రెండూ దండగే.

నా కారుకు తగిలింది ఎడమవైపు తలుపుల కింద నడిచే అంచులో. గీత కాదు, సొట్ట. ఆ అంచులో ముందు చక్రం వెనకా, వెనక చక్రం ముందూ బలంగా చేసిన చోట్లుంటాయి. జాకీ అయినా, లిఫ్టు చేతులైనా అక్కడే ఆనాలి. కాస్త పక్కకు జరిగితే కారు బరువంతా పలచని రేకు మీద పడి అది లోపలికి నొక్కుకుపోతుంది. నిలబడి చూస్తే కనబడదు, మోకాళ్ల మీద కూర్చోవాలి. సర్వీస్ అడ్వైజర్ కుర్రాడు కూర్చుని చూశాడు, లేచి చేతులు దులుపుకున్నాడు, ఆ మాటే అన్నాడు.

దెబ్బ వయసు తెలుసుకోవడంలో విశాఖవాళ్లకు సముద్రం సాయం చేస్తుంది. రంగు లేచి ఇనుము బయటపడితే ఈ ఉప్పుగాలికి తుప్పు పట్టడం ఎంతోసేపు ఆగదు. పాత సొట్టయితే అంచుల్లో ఎర్రమట్టి రంగు కనిపించాలి. నాది వెండిలా మెరుస్తోంది. సొట్టలో పేరుకునే పోర్టు బొగ్గుపొడి సాక్ష్యం కూడా ఉండేదేమో గానీ, వాళ్లే శుభ్రంగా కడిగేశారు. (ఊరి పరువు కోసం ఒక మాట: మన ఉక్కు కర్మాగారం కడ్డీలూ వైరు రాడ్లూ స్ట్రక్చరల్సూ చేస్తుంది, కారు ఒంటికి తొడిగే రేకు చేయదు. ఆ సొట్టతో మనకు సంబంధం లేదు.)

తుప్పు లేదన్న వాదన ఒక్కటే పెట్టుకుంటే ఎక్కడా నిలవదు. నిలిచేది కాగితం. ఆ సంగతి పోర్టులో టాలీ క్లర్కుగా రిటైరైన మా మేనమామ దగ్గర నేర్చుకున్నాను. ఓడలోకి సరుకు ఎక్కాక ఓడవాళ్లు మేట్స్ రసీదు ఇస్తారు. బస్తాలు చిరిగి ఉన్నాయనో, కడ్డీలు తుప్పుపట్టాయనో అందులో రాస్తే ఆ మాట బిల్ ఆఫ్ లేడింగ్‌లోకి ఎక్కుతుంది, ఆ తర్వాత బ్యాంకు దగ్గర డబ్బు ఆగుతుంది. అందుకే ఎగుమతిదారు ఆ ఒక్క వాక్యం గురించి అంత పోట్లాడతాడు. కంటైనర్ కూడా అంతే. గేటు దాటేటప్పుడు ఏ పక్క సొట్ట ఉంది, ఎక్కడ చిల్లు పడింది అని రాసుకుంటారు. ఏమీ రాయకుండా తీసుకున్నారంటే బాగున్నదాన్ని తీసుకున్నట్టే. తర్వాత కనబడిన దెబ్బకు తీసుకున్నవాడు సంజాయిషీ చెప్పుకోవాలి.

ఇప్పుడు సర్వీసింగ్‌కు కారు అప్పగించేటప్పుడు రాసే మీ జాబ్ కార్డు తీసి చూడండి. చాలా కంపెనీల కార్డుల్లో కారు బొమ్మ ఒకటి అచ్చువేసి ఉంటుంది, గీతలూ సొట్టలూ గుర్తు పెట్టడానికి. పొద్దున రద్దీలో అడ్వైజర్ దాన్ని ఖాళీగా వదిలేసి మన చేత సంతకం పెట్టిస్తాడు. దాన్ని చూసి మనం కంగారుపడతాం గానీ, ఆ ఖాళీ బొమ్మ మన పక్షాన ఉన్న కాగితం. కారు మచ్చలేకుండా అందిందని వాళ్లే ఒప్పుకున్నట్టు వాదించవచ్చు. కాపీ అడిగి తీసుకోవాలి. తాళాలిచ్చే ముందు కారు చుట్టూ తిరుగుతూ, వంగి కింది అంచులతో సహా ఒక వీడియో తీసుకోవాలి, ఓడోమీటర్ అంకెతో ముగిస్తూ.

చట్టం కూడా దాదాపు ఆ పోర్టు పద్ధతిలోనే నడుస్తుంది. పని కోసం వస్తువును ఒకరి చేతికి అప్పగిస్తే, మామూలు వివేకం ఉన్న మనిషి తన వస్తువును ఎలా చూసుకుంటాడో అలా చూడాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెబుతుంది. 1998లో ఢిల్లీలో ఒక పెద్ద హోటల్‌కు వచ్చిన అతిథి తన మారుతి జెన్ తాళాలు కారు పార్క్ చేసే వాలేకు ఇచ్చి లోపలికి వెళ్లాడు, వచ్చేసరికి కారు లేదు. బాధ్యత యజమానిదేనని పార్కింగ్ చీటీ మీద ఉందంది హోటల్. 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. కారు మీ చేతికి వచ్చింది, అలాగే తిరిగి ఇవ్వలేదు, మీ నిర్లక్ష్యం లేదని చూపించాల్సింది మీరేనంది. వర్క్‌షాప్ బిల్లు వెనక చిన్న అక్షరాల్లో ఉండే 'ఓనర్స్ రిస్క్' చూసి బెదిరిపోనక్కర్లేదు.

అందుకే అడిగే తీరు మార్చుకోవాలి. "మీవాళ్లే కొట్టారు" అంటే రుజువు మన నెత్తిన పడుతుంది, పైగా లిఫ్టు దగ్గరో వాష్ బేలోనో పనిచేసే ఎవరో కుర్రాడి జీతం కోస్తారు. "నేను ఇలా ఇచ్చాను, ఇలా అందింది. మధ్యలో ఏం జరిగిందో చెప్పండి" అని, కారు గేటు దాటకముందే, ఈమెయిల్‌లో రాయాలి. సీసీ కెమెరా దృశ్యాలు కొద్ది రోజుల్లో చెరిగిపోతాయి, వాటిని దాచిపెట్టమని అందులోనే అడగాలి. బిల్లు కట్టనని మొండికేయడం మాత్రం తెలివి కాదు. చేసిన పనికి డబ్బు అందేదాకా కారు ఆపుకునే హక్కు అదే చట్టంలోని 170వ సెక్షన్ వాళ్లకిచ్చింది. డబ్బు కట్టి, సంతృప్తి చెందానన్న గడి కొట్టేసి, అభ్యంతరం రాసి సంతకం పెట్టాలి.

ఆ దశలో మేనేజర్ చాలా ఆత్మీయంగా ఇంకో దారి చూపిస్తాడు: "ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దాం సార్." అంటే వాళ్ల దెబ్బకు మన నో క్లెయిమ్ బోనస్ పోతుంది. మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 శాతానికి చేరే రాయితీ అది.

కారు తయారుచేసిన కంపెనీకి కాపీ పంపండి, ఒత్తిడికి పనికొస్తుంది. కానీ అంతకుమించి ఆశించకండి. పాత మోడల్ కారును కొత్తదని అంటగట్టిన గోవా డీలరు కేసులో 2021లో సుప్రీంకోర్టు తయారీదారును తప్పించి, బాధ్యత డీలరు దగ్గరే ఉంచింది. ఎటూ తేలకపోతే 1915 హెల్ప్‌లైన్ ఉంది, ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

నాకు అంతదూరం పోవాల్సిన అవసరం రాలేదు. ఈమెయిల్ వెళ్లిన మర్నాడు ఫోన్ వచ్చింది. మా తప్పని కాదు గానీ గుడ్‌విల్ కింద చేసిపెడతామన్నారు. పేరేదైనా నాకు అభ్యంతరం లేదు. సొట్ట తీసి పైన రంగు కొట్టడమే కాక, లోపలివైపు తుప్పు పట్టని పూత కూడా వేయాలన్నాను. లేకపోతే ఈ ఊళ్లో రంగు చాటున రేకు తినేస్తుంది. ఆ మాట జాబ్ కార్డులో రాయించాను. కార్డు మీది కారు బొమ్మలో ఎడమ అంచున సొట్ట గుర్తు వేయడానికి ఈసారి అడ్వైజరే పెన్ను తీశాడు.