ఝాన్సీ చేతి గొడ్డలి

1985లో వచ్చిన 'ప్రతిఘటన' సినిమా టీవీలో వేస్తే ఇప్పటికీ స్టవ్ కట్టేసి వచ్చి కూర్చునే ఆడవాళ్లున్నారు. టి. కృష్ణ దర్శకత్వం, విజయశాంతి నటన, వేటూరి పాట, ఆ పాటలో జానకి గొంతు - వీటి గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. పోలీసు ఇన్‌స్పెక్టర్ని చంపిన కాళి మీద సాక్ష్యం చెప్పడానికి సిద్ధపడుతుంది కాలేజీ లెక్చరర్ ఝాన్సీ. అందుకు కాళి ఆమెని నలుగురి ముందూ వివస్త్రని చేస్తాడు. చివరికి నిండు సభలో గొడ్డలితో నరుకుతుందామె. హాల్లో చప్పట్లే చప్పట్లు!

చప్పట్లు కొట్టినవాళ్లని తప్పుపట్టను. అంతటి దుర్మార్గుడు అలాగే పోవాలని ఎవరికనిపించదు? నా ఫిర్యాదల్లా, ఆ చివరి సీను అంతకుముందు చూసిన ఓ సీనుని మన మనసులోంచి చెరిపేస్తుందని.

మన చట్టం మనమనుకున్నంత చేతకానిదేం కాదు. ఆత్మరక్షణ హక్కు పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా సెక్షన్లలో ఉండేది. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన న్యాయసంహితలో అది 34 నుంచి 44 దాకా ఉంది. ప్రాణం పోతుందనో, మానభంగం జరుగుతుందనో సహేతుకమైన భయం కలిగించేలా ఎవడైనా మీద పడితే, వాడి ప్రాణం పోయినా నేరం కాదు. 2013లో యాసిడ్ దాడినీ ఇందులో చేర్చారు. మొదటి దెబ్బ పడేదాకా ఆగమని కూడా అనదు చట్టం. కాకపోతే అవసరానికి మించి కొట్టకూడదు. పోలీసుల దగ్గరికి వెళ్లే వ్యవధి ఉంటే హక్కు లేదు. ప్రమాదం తప్పిపోతే హక్కూ పోయినట్టే.

ఈ లెక్కన ఝాన్సీ గొడ్డలిని ఏ లాయరూ ఆత్మరక్షణ అని ఒప్పించలేడు. పోనీ, ఆవేశంలో చేసిందందామా? బొంబాయిలో 1959లో జరిగిన నానావతి కేసులో, కోపం చల్లారడానికి మూడు గంటలు చాలంది సుప్రీంకోర్టు.

అదే చట్టంలో మనం గమనించని ముక్క ఒకటుంది. ఆ హక్కు మన ఒంటికే కాదు, పక్కవాళ్ల ఒంటికీ వర్తిస్తుంది. చుట్టరికం అక్కర్లేదు. అంటే, ఝాన్సీ చీర మీద కాళి చెయ్యి పడ్డ నిమిషంలో, చూస్తూ నిలబడ్డ ప్రతి మనిషికీ ఆ చెయ్యి విరగ్గొట్టి అడ్డుకునే హక్కు ఉంది! ఒక్కళ్లూ వాడుకోలేదు. హక్కున్నప్పుడు ఊరంతా బొమ్మల్లా నిలబడి, అది దాటిపోయాక ఆ పనిని, హత్యానేరంతో సహా, ఆవిడొక్కదాని నెత్తిన పెట్టారు. కౌరవ సభలో వికర్ణుడైనా నోరు విప్పాడు. ఇక్కడ ఆ మాత్రం కూడా లేదు.

దర్శకుడికి ఇది తెలియదనను. క్లాసులో వెక్కిరించిన కుర్రాళ్లకి ఝాన్సీ జవాబిచ్చే చోట సరిగ్గా ఈ సిగ్గునే తట్టి లేపాడు. సినిమాకి ప్రాణం ఆ పాటే. గొడ్డలి ఎత్తేసరికి మాత్రం మనం మళ్లీ ప్రేక్షకులమైపోయాం, హాయిగా.

ఈ హాయి సినిమా హాల్లోనే ఉండిపోలేదు. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర దిశ కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో పోతే పూలు చల్లాం. పోలీసులు చెప్పిందీ ఆత్మరక్షణే. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఆ మాట నమ్మలేదు. చంపాలనే కాల్చారని 2022లో నివేదిక ఇచ్చింది. నేరం చేసింది ఆ నలుగురేనా అన్నది విచారణ జరిపి తేల్చే అవకాశం ఏ కోర్టుకీ లేకుండా పోయింది.

ఈసారి 'ప్రతిఘటన' చూసినప్పుడు, ఆ అవమానం సీనులో ఝాన్సీ మీంచి చూపు కాస్త పక్కకి తిప్పి, చుట్టూ నిలబడ్డవాళ్లని చూడండి.