మధ్యమ పురుషలో ఒక అబద్ధం

‘ది లాస్ట్ ఆఫ్ అస్’ అనే వీడియో గేమ్‌ని నేను ఇప్పటికి ఐదుసార్లు పూర్తిచేశాను. ఒక నవలని ఐదుసార్లు చదివానంటే మెచ్చుకుంటారు. గేమ్‌ని ఐదుసార్లు ఆడానంటే మాత్రం, మా ఆవిడతో సహా అందరూ ఒకలాంటి చూపు చూస్తారు. పేరు వినగానే మా ఆఫీసులో ఒక మిత్రుడు “బుచ్చిబాబు నవలకి ఇంగ్లీషు అనువాదమా?” అన్నాడు. కాదుగానీ, ‘చివరకు మిగిలేది’ అని దీనికి పేరు పెట్టినా తప్పేమీ లేదు.

తెలియనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా. కార్డిసెప్స్ అని ఒకరకం బూజు ఉంది. అది చీమల్లాంటి పురుగులకి పట్టి, వాటి నడకని తన అదుపులోకి తెచ్చుకుంటుంది. ఇంతవరకూ నిజమే. అదే మనుషులకి పడితే ఏమవుతుందన్నది ఊహ. లోకం కూలిపోయిన మొదటి రాత్రే జోయెల్ అనే అతను తన కూతురు సేరాని పోగొట్టుకుంటాడు. ఇరవై ఏళ్ళ తర్వాత దొంగసరుకు చేరవేస్తూ బతుకుతున్న అతనికి ఎల్లీ అనే పద్నాలుగేళ్ళ పిల్లని బోస్టన్ నుంచి తీసుకెళ్ళి ఫైర్‌ఫ్లైస్ అనే తిరుగుబాటుదళానికి అప్పజెప్పే పని పడుతుంది. ఆ పిల్లని బూజు ఏమీ చెయ్యలేదు. ఆమెతో టీకా తయారు చేయొచ్చు. అమెరికాలో సగం దాటి సాల్ట్ లేక్ సిటీ ఆస్పత్రికి చేరాక, టీకా కావాలంటే ఆ పిల్ల మెదడు కొయ్యాలని, ఆమె బతకదని తెలుస్తుంది. స్పృహలో లేని పిల్లని ఎవరూ అడగరు. జోయెల్ అడ్డొచ్చినవాళ్ళందర్నీ చంపి ఆమెని ఎత్తుకొచ్చేస్తాడు. ఆ తర్వాత, నీలాంటివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారట, టీకా కుదరలేదట అని అబద్ధం చెప్తాడు.

నాటీ డాగ్ అనే స్టూడియో చేసిన ఈ గేమ్ 2013 జూన్‌లో వచ్చింది. కథ రాసింది నీల్ డ్రక్‌మన్. రెండో భాగం 2020లో వచ్చింది. డ్రక్‌మన్, క్రెయిగ్ మేజిన్ కలిసి చేసిన హెచ్‌బీవో సిరీస్ 2023లో ఒక సీజన్, 2025లో ఇంకొకటి వచ్చాయి. ఇక్కడ రెండిట్లోనూ ఏమవుతుందో చెప్పేస్తాను, క్షమించాలి.

గేమ్ అభిమానులకి సినిమా అంటే భయం. 1993లో వచ్చిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ నుంచీ అది అనుభవంతో వచ్చిన భయమే. మా హాస్టల్లో అసెంబుల్డ్ పీసీల మీద, చేతులు మారుతూ వచ్చిన సీడీలతో ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ద శాండ్స్ ఆఫ్ టైమ్’ ఆడని గది లేదు. అందులో కథంతా రాకుమారుడే చెప్తుంటాడు. మనం ఎక్కడో గోడ మీంచి జారి చచ్చిపోతే, అయ్యో, అలా జరగలేదు, మళ్ళీ చెప్తానుండండి అన్నట్టు సర్దుకుంటాడు. పురాణం చెప్పే ఆయన నాలుక కరుచుకుని వెనక్కి వెళ్ళినట్టు. ఆడేవాడి చేతకానితనాన్ని కూడా కథలో కలిపేసుకోవడం! 2010లో సినిమా వచ్చింది. కత్తి ఉంది, ఇసక ఉంది, కాలం వెనక్కి తిరగడం ఉంది. ఆ నాలుక కరుచుకోవడం లేదు. అప్పుడు నాకు కోపమొచ్చింది గానీ ఎందుకొచ్చిందో చెప్పడం చేతకాలేదు.

ఎందుకో తెలిసింది 2014లో. కొండాపూర్‌లో బ్యాచిలర్ ఫ్లాట్, రూమ్మేట్ కొన్న ప్లేస్టేషన్ 4, రాత్రి రెండు. జోయెల్‌ని నడిపిస్తూ ఆపరేషన్ థియేటర్లోకి వెళ్ళాను. బల్లమీద ఎల్లీ. ఎదురుగా సర్జన్, చేతిలో చిన్న కత్తి. పక్కన ఇంకో ఇద్దరు. నేను ఆగిపోయాను. ఏదో ఒకటి జరుగుతుందనుకున్నాను. ఆయనే పక్కకి తప్పుకుంటాడేమో, జోయెలే మాట్లాడతాడేమో. ఏమీ జరగలేదు. సర్జన్ అలాగే నిలబడ్డాడు, నేనూ అలాగే నిలబడ్డాను. ఆ గేమ్ నాకు ఏ వికల్పమూ ఇవ్వదు. ‘చంపాలా, వదలాలా’ అని ఏ పట్టికా తెరమీదకి రాదు. సర్జన్ని చంపితేనే కథ ముందుకెళ్తుంది. మిగతా ఇద్దర్నీ వదిలెయ్యొచ్చు. చివరికి నొక్కాను.

హైస్కూల్లో చెప్పిన వ్యాకరణం గుర్తుందా? నేను అంటే ఉత్తమ పురుష, నువ్వు అంటే మధ్యమ పురుష, అతను ఆమె అంటే ప్రథమ పురుష. కథలూ సినిమాలూ ఎక్కువగా ప్రథమ పురుషలో ఉంటాయి. గేమ్‌లో తెరమీద కనపడేది అతనే అయినా, దాని క్రియలన్నీ నడు, దాక్కో, ఎక్కు, కాల్చు అనే వరసలో ఉంటాయి. కర్త ‘నువ్వు’. పైకి రాయరు, అంతే. చాలా గేములు ఈ ‘నువ్వు’ని ముద్దు చేస్తాయి. నీ ఇష్టం, నీ దారి, నీకు నచ్చిన ముగింపు అంటాయి. ఇది అలా అనదు. నిర్ణయం ఎప్పుడో జరిగిపోయింది, నీ అభిప్రాయంతో పని లేదు, నీ చెయ్యి మాత్రం కావాలి అంటుంది. ఇంత మర్యాద లేని మధ్యమ పురుష నేను ఇంకే కళలోనూ చూడలేదు.

అందుకని సిరీస్ వస్తోందనగానే నా భయం కథ మారుస్తారేమోనని కాదు. మార్పులు మనకి కొత్తా? శశిరేఖా పరిణయం వ్యాసుడి భారతంలో లేదు. ‘మాయాబజార్’ చూస్తూ దాన్ని ఎవరూ తప్పుపట్టరు. భగవద్గీతని తిక్కన బాగా కుదించేశాడు, అయినా ఆయన కవిబ్రహ్మే. బెల్లా రామ్జీ ముఖం గేమ్‌లో ఎల్లీలా లేదని నెలల తరబడి గోల చేసిన నా తోటి అభిమానులంటే నాకు ఓపిక లేదు. నా భయమల్లా, కర్తని తీసేశాక ఆ వాక్యంలో ఏం మిగులుతుందని.

మూడో ఎపిసోడ్ నా నోరు మూయించింది. గేమ్‌లో బిల్ అని ఒక చిరాకు మనిషి ఉంటాడు. ఊరంతా ఉచ్చులు బిగించి ఒక్కడే బతుకుతుంటాడు. అతని సహచరుడు ఫ్రాంక్ ఉరేసుకుని కనపడతాడు, పక్కన ‘నువ్వంటే నాకు అసహ్యం’ అనే ధోరణిలో ఒక చీటీ. అంతే, మనం ముందుకెళ్ళాలి. సిరీస్‌లో అదే బిల్‌కీ ఫ్రాంక్‌కీ గంట పైన ఒక జీవితం ఇచ్చారు. ఇద్దరి పరిచయం, పోట్లాటలు, స్ట్రాబెర్రీ మొక్కలు, ముసలితనం, కలిసి చనిపోవడం. జోయెల్ దాదాపు పక్కకి తప్పుకున్నాడు. గేమ్ ఇది చెయ్యలేదు. చేతిలో కంట్రోలర్ ఉన్నవాణ్ణి గంటసేపు ఊరికే కూర్చోబెట్టడం దానికి కుదరదు. ఇద్దరు మగవాళ్ళ కాపురం ఎదురుగా జరుగుతుంటే మా నాన్న లేచి వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. ఆయన వెళ్ళలేదు. “ఆ లావుపాటాయనకి వంట బాగా వచ్చు” అన్నాడు.

నాన్న సంగతి చెప్పలేదు కదూ. రిటైరైన లెక్కల మాస్టారు. అమ్మ పోయాక మా దగ్గరే ఉంటున్నాడు. ప్రతి సోమవారం రాత్రి హాట్‌స్టార్‌లో నాతోపాటు ఈ సిరీస్ చూశాడు. కింద అక్షరాలు చదవడం ఆలస్యమైతే ఆపమంటాడు.

ఆస్పత్రి ఎపిసోడ్ మాత్రం నేను భయపడ్డట్టే అయింది. కాల్పుల చప్పుడు తగ్గించేసి, విషాద సంగీతం పెట్టి, పెడ్రో పాస్కల్ మొద్దుబారిన ముఖంతో ఒక్కొక్కర్నీ చంపుకుంటూ పోతాడు. బాగా తీశారు. బాగా తియ్యడమే ఇబ్బంది. చూస్తూ మనం జాలిపడతాం, తీర్పు చెప్తాం, ‘పాపం కూతురు పోయినవాడు’ అంటాం. ఆ థియేటర్లో కత్తికి ఎదురుగా నిలబడి ఏం చెయ్యాలో తోచక తచ్చాడడం లేదు. సర్జన్ ఒక్క క్షణంలో పడిపోతాడు.

రెండో భాగం దగ్గరికొచ్చేసరికి ఈ తేడా ఇంకా పెరిగింది. ఆ సర్జన్ కూతురు ఆబీ వచ్చి జోయెల్‌ని కొట్టి చంపుతుంది. గేమ్‌లో అప్పటికి ఆమె ఎవరో, ఎందుకు చంపిందో మనకి తెలియదు. ఎల్లీగా పగతో రగిలిపోతూ సగం ఆట ఆడాక, ఉన్నట్టుండి మనల్ని ఆబీ చేస్తుంది. ఆమె కుక్కలూ స్నేహితులూ, ఎత్తులంటే ఆమెకున్న భయం. చివరికి ఆబీ చేతులతో ఎల్లీని కొట్టమంటుంది. 2020లో అభిమానుల కోపం ఎంతదాకా వెళ్ళిందంటే, ఆబీకి గొంతిచ్చిన లారా బెయిలీకి చంపుతామని బెదిరింపులు వచ్చాయి. కంట్రోలర్ విసిరికొట్టాలన్నంత కోపం నాకూ వచ్చింది. కానీ అదే ఆ గేమ్ పని. సిరీస్‌లో ఆబీ మొదటి ఎపిసోడ్ మొదట్లోనే సమాధుల ముందు నిలబడి కారణం చెప్పేస్తుంది. ప్రేక్షకుడు ఆమె కాళ్ళతో నడవలేడు కాబట్టి ముందే వివరించాలి. అర్థం చేసుకోగలను. అరుగు మీద జోయెల్, ఎల్లీ మాట్లాడుకునే రాత్రిని మాత్రం క్షమించలేను. గేమ్‌లో అది అన్నీ పోగొట్టుకున్నాక, దాదాపు చివర్లో వస్తుంది. సిరీస్‌లో దాన్ని రెండో సీజన్ ఆరో ఎపిసోడ్‌కే తెచ్చి, ఆస్పత్రి నిజం బయటపడడం కూడా అందులోనే కలిపేశారు. అప్పు తీర్చకముందే రసీదు చేతికొచ్చినట్టుంది.

ఇంతవరకూ నా వాదన గేమ్ పక్షానే ఉంది. అది కాస్త వంకరపోయింది మొదటి సీజన్ చివర్లో, నాన్న వల్ల.

మా అమ్మకి 2017లో జబ్బు బయటపడింది. డాక్టరు నాన్ననీ, మావయ్యనీ, నన్నూ లోపలికి పిలిచి చెప్పారు. అమ్మ బయట కుర్చీలో కూర్చుంది. అమ్మకి చెప్పొద్దని మావయ్య అన్నాడు, నాన్న తలూపాడు. ‘చిన్న గడ్డ, మందులతో కరిగిపోతుంది’ అన్న మాట కూడా మావయ్యే తయారుచేశాడు. నన్నెవరూ అడగలేదు. అమ్మనైతే అసలే అడగలేదు. కారులో వెనక సీట్లోంచి అమ్మ, “ఇంతకీ ఏమన్నార్రా?” అంది, నన్నే. నాన్న పక్కనే ఉన్నా ఆయన్ని అడగలేదు. నేను చిన్న గడ్డ అన్నాను. “సరేలే. రేపట్నుంచి పాలు లీటరు చాలని పాలబ్బాయికి చెప్పు” అంది. ఏడు నెలలు బతికింది.

గేమ్‌లో జోయెల్ మొదటిసారి అబద్ధం చెప్పేది కారు నడుపుతూనే. ఎల్లీ వెనక సీట్లో పడుకుని ఉంటుంది. 2014లో అది నాకొక మంచి సీను, అంతే. 2018లో మళ్ళీ ఆడినప్పుడు అక్కడ ఆపి బయటికి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత చివరి ఘట్టం ఉంది. ఎక్కువసేపు జోయెల్‌గా ఆడించిన గేమ్, అక్కడ ఎల్లీని చేతికిస్తుంది. అబద్ధం చెప్పినవాడి వెనకాల, అది విన్న పిల్లగా, కొండదారిలో నడవాలి. దీన్ని నేను చాలామంది దగ్గర పొగిడాను. ఒక్క సంగతి గమనించలేదు. ఇలాంటి గేములో మనం ఎవరుగా ఆడితే ఎక్కువగా వాళ్ళ వీపే మనకి కనపడుతుంది. నడిచినంతసేపూ ఎల్లీ ముఖం పెద్దగా కనపడదు.

సిరీస్‌లో కనపడుతుంది. ఎల్లీ ప్రమాణం చెయ్యమంటుంది, జోయెల్ చేస్తాడు. బెల్లా రామ్జీ ముఖంలో ఏదో కదిలి, ఆగి, ఒక్క మాట అంటుంది. సరే అని. పేర్లు పడుతున్నాయి. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “ఆ పిల్ల నమ్మలేదురా” అన్నాడు. అవునన్నాను. కాసేపాగి, “బ్యాంకు లాకరు నా పేర పెట్టించమని ఆ వారమే అడిగింది మీ అమ్మ” అన్నాడు. నేను మాట్లాడలేదు. “నువ్వు బండి నడుపుతున్నావు. నీకు కనపడలేదు. నేను పక్కనే కూర్చున్నాగా” అన్నాడు.

ప్రథమ పురుషని తక్కువ చేసి మాట్లాడ్డం అప్పట్నుంచి తగ్గించాను.

పోయిన దసరా సెలవుల్లో ఐదోసారి ఆడుతూ, ఆ కొండదారి రాగానే కంట్రోలర్ నాన్న చేతిలో పెట్టాను. ఆయన జీవితంలో మొదటిసారి పట్టుకోవడం. ఎల్లీ రాళ్ళకి గుద్దుకుంది, చెట్టు చుట్టూ తిరిగింది, ఒకసారి వెనక్కి నడవడం మొదలెట్టింది. జోయెల్ ముందు నిలబడి ఓపిగ్గా ఎదురుచూశాడు. పది నిమిషాల దారికి అరగంట పట్టింది. చివరికి ఇద్దరూ ఆగి, ఎదురెదురుగా నిలబడ్డారు.

“ఇప్పుడేం నొక్కాలి?” అన్నాడు నాన్న.

“ఏం లేదు నాన్నా, ఇంక వినడమే.”

విన్నాడు. కంట్రోలర్ జాగ్రత్తగా టీపాయ్ మీద పెట్టి, “టీవీలో పిల్లే నయం” అని పడుకోడానికి వెళ్ళాడు.