స్ట్రిప్పు మీద కోడు, యాప్‌లో సంతకం

శామీర్‌పేట దాటితే మందులు, టీకాల కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ. ఇటు మేడ్చల్‌లో, 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ ప్లాంటు. నకిలీ మందంటే ఇక్కడ ఎవరైనా ఉలిక్కిపడతారు. డబ్బు కట్టాల్సిన యాప్‌ను కట్టకుండానే నడిచేలా మార్చి ‘మోడ్ ఏపీకే’ పేరుతో వాట్సాప్‌లో పంచుకోవడం మాత్రం తప్పుగా తోచదు. రెండూ నకిలీలే. జవాబుదారీ ఎవరిదన్న దగ్గరే తేడా.

2023 ఆగస్టు 1 నుంచి 300 మందుల బ్రాండ్లకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి. స్కాన్ చేస్తే బ్యాచ్ నంబరు, గడువు తేదీ, తయారీ లైసెన్సు నంబరు కనిపిస్తాయి. కానీ ఆ కోడ్‌ను చూసి ఎవడైనా అచ్చు వేయొచ్చు. ఆండ్రాయిడ్ యాప్‌కు ఉండే డిజిటల్ సంతకాన్ని డెవలపర్ కీ లేకుండా పుట్టించలేరు. గట్టి తాళం నిజానికి యాప్‌దే! అయినా దొంగ దాని జోలికే పోడు. యాప్‌ను విప్పి, డబ్బు కట్టాడా అని చూసేచోట ‘ఫాల్స్’ను ‘ట్రూ’ చేసి, మళ్లీ ప్యాక్ చేసి తన సంతకమే పెడతాడు. అసలు యాప్ మీదే ఎక్కించబోతే తప్ప, ఫోను సంతకం ఉందా అని చూస్తుంది గానీ ఎవరిదని అడగదు.

యాప్ విషయంలో చట్టమూ అంతే. నకిలీ మందు దొరికితే, లైసెన్సున్నవాళ్ల దగ్గరే కొన్నానని, నకిలీ అని తెలిసే వీల్లేకపోయిందని మెడికల్ షాపువాడే రుజువు చేసుకోవాలి. దొంగ యాప్‌ను మోసే వేదికకు మాత్రం ఐటీ చట్టం 79వ సెక్షన్ అండగా ఉంది. ఫిర్యాదు అందాక తీసేస్తే చాలావరకు గండం గడిచినట్టే. వెతుక్కుంటూ తిరగాల్సింది డెవలపరే. తెలిసి వాడినవాడికి కాపీరైట్ చట్టం 63బి కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు. సొంతానికే వాడుకుంటే జరిమానాతో సరిపెట్టొచ్చు. ఇంటర్ కుర్రాడి మీద ఈ కేసు పెట్టేదెవరు?

అలాగని డెవలపర్‌ను వెనకేసుకురాలేను. కొన్నాడో లేదో ఫోన్‌లోనే తేల్చే యాప్ రాసి, కోడ్‌లో పేర్లు గజిబిజి చేసినంత మాత్రాన దొంగకు ఆలస్యమే తప్ప ఆటంకం లేదు. కొనుగోలును తన సర్వర్‌లో సరిచూసి, సరుకు అక్కడి నుంచే పంపాలి. సిగ్నల్ అందని ఊళ్లో దీనివల్ల ఇబ్బందిపడేది డబ్బు కట్టినవాడే, నిజమే. ఒకసారి సరిచూశాక కొన్నాళ్లు గడువిస్తే ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

తయారీదారు తన వంతు చేశాక మిగిలేది మధ్యలోని వేదిక. మెడికల్ షాపుకు పెట్టిన షరతే దానికీ పెట్టాలి: ఎవరి దగ్గర్నుంచి తెచ్చావో చూపించు.