హారను పోనేదు, దారి పోనాది

మా పాత కారు హారను రెండు నెలలు నన్ను ఆడించింది. పొద్దున్నే ఇంటి ముందు నొక్కితే వీధి కుక్కలు లేచేవి. గతుకుల్లో పది కిలోమీటర్లు తిరిగి శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌కి వచ్చేసరికి మూగనోము పట్టేది. వర్క్‌షాపుకి తీసుకెళ్తే అక్కడ భేషుగ్గా మోగి నన్ను అబద్ధాలకోరును చేసేది. చివరికి ఒకచోట హారన్ల జతే మార్చేశారు. నాలుగు రోజులు బాగుంది. ఐదో రోజు మళ్లీ అదే కథ. పాత జతను డిక్కీలో పడేసి, హారను లేకుండా బతకడం నేర్చుకున్నాను.

నిజానికి అది తప్పు. కారణం లేకుండా హారను కొడితే 2019 సవరణ ప్రకారం మొదటిసారికి 1,000 రూపాయలు జరిమానా అన్న సంగతి చాలామందికి తెలుసు. బండికి పనిచేసే హారను ఉండి తీరాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. నాకూ గుర్తులేదు, కొరాపుట్‌లో పెళ్లికి బయల్దేరేదాకా.

సాలూరు దాటితే పి.కోనవలస ఘాట్. మలుపు అవతల దిగుతున్న లారీకి మనం వస్తున్నామని చెప్పేది హారనొక్కటే. అందుకే సాలూరులో ఆగాను. ఆగడానికి అంతకంటే మంచి ఊరు లేదు కూడా. 1979 దాకా శ్రీకాకుళం జిల్లా, తర్వాత విజయనగరం, 2022 నుంచి పార్వతీపురం మన్యం. జిల్లాలు మారాయి గానీ సాలూరంటే లారీలే. విశాఖ నుంచి రాయపూర్ వెళ్లే రోడ్డు మీద లారీలు నడిపేవాళ్లు, బాడీ కట్టేవాళ్లు, రంగులేసేవాళ్లు, వాళ్ల మధ్య వైరింగు మేస్త్రీలు.

నాకు దొరికిన మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. బానెట్ ఎత్తలేదు. ముందు కూర్చోబెట్టి అడిగాడు: “ఎప్పుడు మోగదు బావూ?”

ఆ ప్రశ్నలోనే సగం విద్య ఉంది. పూర్తిగా చచ్చిన హారన్ని ఎవరైనా బాగుచేస్తారు. మోగీ మోగని హారన్ని పట్టాలంటే అది మొండికేసే వేళ తెలియాలి. స్టీరింగు ఒక పక్కకి తిప్పినప్పుడే మోగకపోతే లోపం చక్రం కింద చుట్టగా ఉండే రిబ్బను తీగది, క్లాక్ స్ప్రింగు అంటారు. వాన పడ్డాక మూగబోతే కనెక్టర్లలో తడి. ఇంజిను బాగా కాగాక పోతే హారనుకి కరెంటు కలిపే స్విచ్చుని, అంటే రిలేని, అనుమానించాలి. నొక్కకుండానే గతుకుల్లో తనంతట మోగిందా, స్టీరింగు దగ్గర వైరు ఒరుసుకుపోయి ఇనుముకి తగులుతోంది. ఎందుకంటే చాలా కార్లలో హారను మీట చేసే పని రిలేకి ఎర్తు ఇవ్వడమే. ఆ ఎర్తు ఎక్కడ అందినా హారను మోగుతుంది.

నాది గతుకుల రోగం, అదీ మోగకుండా పోయే రకం. “బండి ఎక్కడ తిరిగింది?” అన్నాడు. ఆరేళ్లు కళింగపట్నంలో, సముద్రానికి కూతవేటు దూరంలో ఉద్యోగం చేశానని చెప్పాను. తల ఊపాడు. ఉప్పుగాలి తిన్న బండి అన్నమాట.

అప్పుడు తీశాడు టెస్ట్ ల్యాంపు. హోల్డరులో ఇండికేటరు బల్బు, రెండు వైర్లు, ఒకదానికి క్లిప్పు, రెండోదానికి సూది. మీటరు లేదా అని అడిగాను. ఉంది, దుమ్ము పట్టి గోడకి వేలాడుతోంది. దాన్ని ఎందుకు వాడడో తర్వాత అర్థమైంది. మీటరు దాదాపు ఏ కరెంటూ తాగదు. తీగలో ఒక్క పోగు మిగిలినా 12 వోల్టులు చూపిస్తుంది. కొళాయి కట్టేసి ఉన్నప్పుడు సగం పూడిన గొట్టంలో కూడా ఒత్తిడి నిండుగా ఉన్నట్టే. తిప్పితేనే కదా ధార సన్నమని తెలిసేది. 21 వాట్ల బల్బు దాదాపు రెండు ఆంపియర్లు లాగుతుంది. అంటే కొళాయి తిప్పి చూడటం. లోపం ఉంటే బల్బు గుడ్డిగా వెలుగుతుంది, దాచలేదు.

క్లిప్పు బ్యాటరీ ప్లస్సుకి పెట్టి, సూదిని మైనస్సుకి ఆనించాడు. బల్బు కళ్లు చెదిరేలా వెలిగింది. అదే సూదిని హారను బిగించిన పట్టీకి ఆనించాడు. మిణుకుమంది. అంటే పట్టీ నుంచి బ్యాటరీకి కరెంటు తిరిగి వెళ్లే ఎర్తు దారి బాగాలేదు. తన దగ్గరున్న కుర్రాణ్ణి హారను నొక్కి పట్టుకోమని, స్క్రూడ్రైవరు పిడితో ఆ పట్టీని మెల్లగా తట్టాడు. మోగింది, ఆగింది, మోగింది. డిక్కీలోంచి పాత జత తెప్పించి రెండు వైర్లతో నేరుగా బ్యాటరీకి కలిపాడు. రెండూ గొంతెత్తాయి.

“హారను పోనేదు బావూ, దారి పోనాది,” అన్నాడు.

పట్టీ విప్పితే బోల్టు కింద తుప్పు పొరలు పొరలుగా రాలింది. పక్కనున్న ఎర్తు వైరు తొడుగు కోస్తే లోపల రాగి నల్లబడి, కొసన పచ్చగా చిలుం పట్టి ఉంది. కొత్త హారన్లు వేసినప్పుడు బోల్టు తిప్పడంలో తుప్పు కాస్త గీసుకుపోయి నాలుగు రోజులు మోగింది, అంతే. గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దాడు. వైరుని రాగి ఎర్రగా కనిపించేదాకా కోసి కొత్త లగ్గు నొక్కాడు. పళ్ల వాషరు వేసి బిగించి, ఆఖర్న పైన గ్రీజు పూశాడు. ముందే పూయకూడదట, ఇనుమూ ఇనుమూ కలిశాకే.

తప్పు ఎప్పుడూ దారిదే కాదు, హారనుదీ అవుతుంది. లోపలి తీగచుట్ట రేకుని లాగుతుంది, లాగగానే కరెంటు కలిపే పాయింట్లు విడిపోతాయి, రేకు వెనక్కి వస్తుంది, పాయింట్లు మళ్లీ కలుస్తాయి. సెకనుకి కొన్ని వందల సార్లు జరిగే ఈ తంతులో పాయింట్లు మాడతాయి. పట్టీని కాక హారనునే తట్టితే మోగేది అలాంటిదే. వెనకనున్న స్క్రూని పావు చుట్టు తిప్పి చూస్తారు. అంతకు మించితే ఉన్న గొంతూ పోతుంది.

ఈ విద్యకి హద్దు ఎక్కడో కూడా ఆయనకి తెలుసు. ఎయిర్‌బ్యాగు ఉన్న స్టీరింగుకి టెస్ట్ ల్యాంపు తగిలించడు. ఎయిర్‌బ్యాగుకి వెళ్లే పసుపు తొడుగు వైర్లలోకి బల్బు కరెంటు పోతే బ్యాగు పేలవచ్చు. బ్యాటరీ విప్పి, కాసేపు ఆగి, తెలిసినవాళ్లే ముట్టుకోవాలి. కొత్త కార్లలో మీట కంప్యూటరుకి చెబితే అది రిలేకి చెబుతుంది, స్కానరు లేకుండా పని జరగదు. ఆ స్కానరుకి బోల్టు కింద చిలుం కనబడదన్నది నా ఫిర్యాదు.

గంటసేపు పని, 200 రూపాయలు. ఘాట్ ఎక్కి, పెళ్లి చూసి, దిగి వచ్చాను. ప్రతి మలుపులోనూ మోగింది. పాత హారన్ల జత ఇప్పటికీ డిక్కీలోనే ఉంది. ఎవరికైనా కావాలంటే పట్టుకెళ్లండి. కానీ ముందు మీ బండి ఎర్తు చూసుకుని రండి.