కొలత తీసినోడు చెప్పు కుట్టాల

మా నాయన చెప్పులు కుట్టేవాడు. ఎవరన్నా చెప్పులకొస్తే తోలుముక్క పరిచి కాలు పెట్టమనేవాడు. కాలి చుట్టూ గీత గీసేవాడు. గీత గీశాక ఆ జత ఆయన పూచీ. వానొచ్చినా, జరమొచ్చినా, కళ్లంలో గింజలు కొలిచేదాకా కూలి రాదని తెలిసినా కుట్టి ఇయ్యాల్సిందే. కొలత తీసి, 'నీ కాలు బాగాలేదు పో' అని పంపేసేవాడిని మా పల్లెలో పనోడని ఎవరూ అనరు.

ఇంగ్లీషు చదువుకి ప్రభుత్వాలు పెట్టే ప్రమాణాల గురించి ఎప్పుడు మాట వచ్చినా నాకు ఆ గీత గుర్తుకొస్తుంది. నేను పలక పట్టిన కాలం నుంచీ ఈ ప్రభుత్వాలు మా పిల్లల కొలతలు తీస్తానే ఉన్నాయి. చెప్పులు మాత్రం కుట్టలా.

1980లో నేను ఆరో తరగతిలో చేరాను. మా మాదిగపల్లె నుంచి హైస్కూలుకి పోయింది నలుగురం. మా బడిలో ఏబీసీడీలు ఆరులోనే మొదలు. ఊళ్లో ఆసాముల పిల్లలు అవి ముందే ట్యూషన్లో నేర్చుకుని వచ్చారు. మాకు అదే తొలి చూపు. ఇంగ్లీషుకని వేరే అయ్యవారు లేడు. సోషల్ అయ్యవారే చెప్పేవాడు. ఆయన ఒక వాక్యం చదివేవాడు, తెలుగులో అర్థం చెప్పేవాడు, పాఠం అయ్యాక ప్రశ్నలకి జవాబులు బోర్డు మీద రాసేవాడు. మేం ఎక్కించుకుని బట్టీ పట్టేవాళ్లం. పుస్తకం చదివింది ఆయన. మేం చదవలా.

ఒకరోజు నేను లేచి అడిగాను. "సార్, సీ ఏ టీ కలిపితే సియేటి కావాల గదా, క్యాట్ ఎట్టా అయింది?" క్లాసంతా నవ్వింది. అయ్యవారు మాత్రం నవ్వలేదు. నా వీపు మీద బెత్తం విరిగింది. "ఇంగ్లీషు వాడికే తప్పులు పట్టేంతోడివయ్యావంట్రా" అన్నాడు.

ఇప్పుడు ముప్ఫయ్యేళ్లు ఇంగ్లీషు చెప్పినవాడిగా చెబుతున్నా. అది మంచి ప్రశ్న. తెలుగులో అక్షరం పేరూ, అది పలికే శబ్దమూ ఒకటే. 'క'ని క అనే అంటాం, క అనే చదువుతాం. ఇంగ్లీషులో పేరు వేరు, శబ్దం వేరు. ఆ శబ్దం కూడా చోటుకో రకంగా మారుతుంది. తెలుగు చదవడం వచ్చిన పిల్లోడికి ఇంగ్లీషు దగ్గర మొట్టమొదట కాలు జారేది ఇక్కడే. నాలుగు వారాలు కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పి, చిన్న చిన్న మాటలు చదివిస్తే దారి దొరుకుతుంది. ఐదేళ్లలో ఎవరూ చెప్పలా. దేశంలో ఇంగ్లీషు ఎట్టా బోధించాలో పరిశోధించే కేంద్ర సంస్థని 1958లోనే హైదరాబాదులో పెట్టారు. అక్కడి విద్య మా బడి గడప దాకా రాలేదు.

1985లో పదో తరగతి పాసయ్యాను. ఇంగ్లీషులో 37 మార్కులు. పాసుకి 35 చాలు. అంటే నాకు ఇంగ్లీషు వచ్చినట్టేనని ప్రభుత్వం ముద్ర వేసి సర్టిఫికెట్ ఇచ్చింది. పల్లెలో మా అమ్మ ఆ కాయితాన్ని గుడ్డలో చుట్టి దాచింది.

అదే ఏడాది జులై 17న కారంచేడు జరిగింది. చీరాల చేరిన మనవాళ్ల శిబిరానికి మా పెదనాయన బియ్యం, పాతబట్టలు తీసుకుపోతూ నన్నూ వెంటబెట్టుకుపోయాడు. అక్కడ ఎవరో బయట నుంచి వచ్చినవాళ్లు ఇంగ్లీషులో అచ్చేసిన కాయితం పంచారు. ఒక ముసలమ్మ చేతిలో ఆ కాయితం ఉంది. పెదనాయన గొప్పగా, "మావోడు పది పాసయ్యాడు, చదువుతాడు" అన్నాడు. నేను తీసుకుని గడగడా చదివాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఆమె అంతా విని, "మా గురించి ఏం రాశారు నాయనా?" అంది.

నాకు తెలీలా. ఊరిపేరు తప్ప అందులో ఒక్క ముక్క నాకు అర్థం కాలా. "అంటే?" అని మళ్లీ అడిగింది. కొడుకుని పోగొట్టుకున్న మనిషో, ఇల్లు పోగొట్టుకున్న మనిషో నాకు తెలీదు. తన మీద రాసిన కాయితం తన చేతిలోనే ఉంది. చదవగలడని ప్రభుత్వం ఒట్టేసి చెప్పిన కుర్రాడు ఎదురుగానే ఉన్నాడు. ఆ కాయితం మాత్రం ఆమెకి అందలేదు.

నా బతుకులో నేను రాసిన అసలైన ఇంగ్లీషు పరీక్ష అదే. అందులో నేను తప్పాను. నేను ఒక్కడినే తప్పానా? ప్రమాణం అనే మాటకి తెలుగులో రెండు అర్థాలు. కొలత ఒకటి, ఒట్టు ఇంకొకటి. పిల్లోడి దగ్గరకొచ్చేసరికి ప్రభుత్వానికి మొదటి అర్థమే గుర్తుంటుంది. 35 రాకపోతే నువ్వు తప్పావు. ఐదేళ్లు నీకు చదవడం నేర్పనందుకు తాను తప్పినట్టు ఎక్కడా రాయదు.

మరి నేను ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నాను? డిగ్రీలో, సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో. అక్కడ ఎం.ఏ. చదివే అన్న ఒకాయన బాబాసాహెబ్ 1936 నాటి కులనిర్మూలన పుస్తకాన్ని ఇంగ్లీషులో ముందర పెట్టాడు. నాకు భయమేసింది. "రోజుకో పేజీ. నేను పక్కన కూర్చుంటా" అన్నాడు. నిజంగానే కూర్చున్నాడు. నేను చదవడం, ఆయన ఆపడం, "ఇక్కడ ఎవరిని తిడుతున్నాడు? ఎందుకు తిడుతున్నాడు?" అని అడగడం. ఒక్కోరోజు ఒక్క వాక్యం దగ్గరే తెల్లారిపోయేది. ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలు, నా హైస్కూలు ఐదేళ్లకి బదులు చెప్పాయి. చదవడానికి ఆసరా అంటే అది. పక్కన ఒక మనిషి, ముందర ఒక పుస్తకం, తొందర లేని కాలం, మనకి కావలసిన విషయం. ఇందులో ఏదీ ప్రభుత్వం నాకు ఇవ్వలేదు. ఆకలితో ఉన్న ఇంకో దళితుడు ఇచ్చాడు.

ఇక నా తప్పు కూడా చెప్పుకోవాల. తొంభైల్లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. సోషల్ పోస్టు. ఇంగ్లీషుకి మనిషి లేడని నన్నే చెప్పమన్నారు. చూడండి, నేనూ ఆ సోషల్ అయ్యవారినే అయ్యాను. సిలబస్ వెంట పరిగెత్తాను. బోర్డు మీద జవాబులు రాశాను. మా బడి లైబ్రరీ అంటే తాళమేసిన ఒక బీరువా. తాళంచెవి నా దగ్గరే. పుస్తకం పోతే జీతంలో కోస్తారని నేనూ తీయలేదు. చదవలేని పిల్లల్ని వెనక బెంచీలో కూర్చోబెట్టాను. వాళ్లలో ఎక్కువమంది ఏ పల్లె నుంచి వచ్చారో నాకు తెలియదా? కొలత గీసి పంపేసేవాళ్లలో నేనూ ఒకణ్ణి.

2011లో రాష్ట్రం కొత్త పాఠ్యప్రణాళిక చట్రం తెచ్చింది. 2012 నుంచి కొత్త పుస్తకాలు వచ్చాయి. విద్యాప్రమాణాలు అని అచ్చేశారు. బట్టీ వద్దు, పిల్లలే సొంతంగా డైరీ రాయాల, సంభాషణ రాయాల, వర్ణన రాయాల అన్నారు. మాట మంచిదే, నేను కాదనను. కానీ చదవడమే రాని పిల్లోడు ఏం రాస్తాడు? ఏడాది తిరక్కముందే గైడుల్లో సొంత డైరీలు రెడీగా అచ్చయి వచ్చాయి. బట్టీ పట్టొద్దన్న పరీక్షకి కూడా మా పిల్లలు బట్టీయే పట్టారు.

2014లో వచ్చిన పదో తరగతి ఇంగ్లీషు పుస్తకంలో వామన్ హోవళ్ కథ ఒకటి పెట్టారు. మరాఠీ దళిత కథ. బాయాజీ అనే మహర్ ముంబై డాక్ యార్డులో కష్టం చేసి, రిటైరై ఊరొచ్చి మేడ కట్టుకోవాలనుకుంటాడు. ఊరి పాటిల్ బెదిరిస్తాడు. బయటికి మామూలు ఇల్లులాగా కట్టి లోపల చిన్న మేడ వేసుకుంటాడు. గృహప్రవేశం రాత్రే ఇల్లు తగలబడుతుంది. బాయాజీ కాలిపోతూ కొడుకుల్ని కోరేది ఒక్కటే, మేడ కట్టమని. తెల్లారి కొడుకులు పునాది తవ్వడం మొదలుపెడతారు. ఇలాంటి కథని పాఠ్యపుస్తకంలోకి తెచ్చినవాళ్లకి దండం పెట్టాల. మా కాలంలో పాఠాలన్నీ మేం తినని కేకులూ, మేం చూడని పూలూ.

నేను ఆ పాఠం దగ్గర ఆగిపోయాను. హాస్టల్ అన్నలాగా రోజుకింత అని చదివించాను. మధ్యలో మా మాటల్లో మాట్లాడుకున్నాం. ఊళ్లో మేడ ఎవరిది, పల్లెలో మొదటి స్లాబు ఇల్లు ఎవరు వేశారు, అప్పుడు ఊరు ఏమంది. పిల్లలు ఇళ్లకి పోయి అడిగి వచ్చారు. వెనక బెంచీలో ఒక మాదిగపల్లె పిల్ల ఉండేది. మూడేళ్లుగా నా క్లాసులో నోరు తెరవని పిల్ల. ఎనిమిదో రోజున బాయాజీ ఇల్లు కాలే చోట, తానే వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ ఒక పేరా చదివింది. చదివి తలెత్తి, "సార్, కొడుకులు ఇల్లు పూర్తి చేశారా?" అంది. ముసలమ్మ 'అంటే?' అని అడిగిన ఇన్నేళ్లకి, అర్థం అయి అడిగిన ప్రశ్న ఒకటి విన్నాను.

ఆ వారంలోనే తనిఖీకి వచ్చిన అధికారి నా డైరీ చూసి, "ఒక పాఠానికి ఇన్ని రోజులా? సిలబస్ ఎక్కడుండాల, మీరెక్కడున్నారు?" అన్నాడు. ఆ పిల్లని చదివించి చూడమన్నాను. ఆయనకి టైము లేదన్నాడు. ఆయన కాగితంలో సిలబస్‌కి గడి ఉంది. చదవడం వచ్చిన పిల్లకి గడి లేదు.

ఇక ఈ మధ్య సంగతి. 2008లో సక్సెస్ స్కూళ్లన్నారు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంగ్లీషు మీడియం జీవో తెచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తల్లిదండ్రుల్ని అడిగితే నూటికి 96 మంది ఇంగ్లీషే కావాలన్నారని ప్రభుత్వం లెక్క చెప్పింది. తెలంగాణ 2022లో అదే దారి పట్టింది. వెంటనే తెలుగు తల్లికి ద్రోహం అని కొందరు లేచారు. అయ్యా, మీ పిల్లలు ఏ మీడియంలో చదివారు? మీరు కాపాడమంటున్న పుస్తకాల తెలుగు మా అమ్మ మాట్లాడిన తెలుగేనా? మేం నోరు తెరిస్తే 'పల్లె భాష' అని నవ్వింది ఆ తెలుగే గదా. 1854లోనే సావిత్రిబాయి ఫూలే ఇంగ్లీషుని తల్లిగా పాడుకుంది. 2010లో ఉత్తరప్రదేశ్‌లోని బంకా గ్రామంలో దళితులు ఇంగ్లీషు దేవతకి గుడి కట్టడానికే పూనుకున్నారు. మావోళ్లకి ఇంగ్లీషు ఎందుకో ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే తెలుగువాదుల మాటలో ఒక నిజం ఉంది, దాన్ని పారేయకూడదు. తెలిసిన భాషలో చదవడం రాని పిల్లోడికి తెలియని భాషలో చదవడం ఇంకా కష్టం. మనం గెలిచామని చప్పట్లు కొట్టేముందు చూసుకోవాల్సింది అది. మీడియం జీవోతో మారుతుంది. చదవడం జీవోతో రాదు. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. అది నిజమైన ఆసరా, ఒప్పుకోవాల. కానీ 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లలకి టోఫెల్ పరీక్ష పెట్టడానికి అమెరికా సంస్థతో ఒప్పందం చేసుకుంది. చూశారా, కొలబద్ద అమెరికా నుంచయినా తెస్తారు. కేంద్రం 2021లో నిపుణ్ భారత్ పెట్టి, మూడో తరగతి పిల్లోడు నిమిషానికి 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలంది. 2022 అసర్ సర్వేలో దేశంలోని పల్లెటూళ్లలో ఐదో తరగతి పిల్లల్లో సులువైన ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవాళ్లు నూటికి 25 మంది కూడా లేరు. కొలతలకి కొదవ లేదు.

1882లో జ్యోతిరావు ఫూలే హంటర్ కమిషన్ ముందు చెప్పింది ఇదే. రైతుల పన్నుల డబ్బంతా పైవాళ్ల పెద్ద చదువులకి పోతోంది, కిందివాళ్ల ప్రాథమిక చదువు మట్టిగొట్టుకుపోతోంది, శిక్షణ పొందిన మంచి పంతుళ్లని, చాలినంత జీతమిచ్చి పెట్టండి అన్నాడు. ఆయన అడిగింది పరీక్ష కాదు, పంతులు.

విద్యార్థి సంఘాల తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నా మాట ఒకటి. ఇంగ్లీషు మీడియం కావాలని ధర్నా చేశాం, చేయాల్సిందే. ఇక దాని తర్వాతి ధర్నా చేయండి. ప్రతి బడికీ ఇంగ్లీషు చదివించడం తెలిసిన మనిషి ఉన్నాడా? బీరువా తాళం తీసి ఉందా? వెనకబడ్డ పిల్లల పక్కన కూర్చోవడానికి రోజుకో పీరియడు ఉందా? ఆ పుస్తకాల్లో మన పల్లె ఉందా? తనిఖీ కాగితంలో ఈ గడులు పెట్టించండి. ఫలితాలు తగ్గితే పిల్లోడి ముందు కాదు, కలెక్టరాఫీసు ముందు కూర్చోండి.

అప్పటిదాకా మీ హాస్టల్లో మీ పక్క మంచం వాడికి రోజుకో పేజీ చదివించండి. నా బీరువా తాళం నేను తీసేశాను. ఈ పదేళ్లలో పదకొండు పుస్తకాలు పోయాయి. జీతంలో ఎవరూ కోయలేదు.