చంద్రుణ్ణి గోపురం మీద నిలిపే పని

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం వెనక నుంచి నిండు చంద్రుడు లేచే ఫోటో చూపిస్తే, ‘అదృష్టం’ అనేస్తారు చాలామంది. అదృష్టం తక్కువే. ఉన్నదంతా లెక్క, నడక.

ఆకాశంలో చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. 10 మీటర్ల కట్టడం సరిగ్గా అంతే కనిపించాలంటే సుమారు 1,150 మీటర్లు వెనక్కి జరగాలి. అందుకే గండికోట మాధవరాయ ఆలయ గోపురాన్ని ఫోటో తీసేవాళ్లు దాని దగ్గరికి పోరు. దూరాన బండల మీద ట్రైపాడ్ నిలబెడతారు. చంద్రుడు లేచే దిక్కును ఫోటోపిల్స్ యాప్ చెబుతుంది. మధ్యలో తుమ్మచెట్టు ఉందని మాత్రం చెప్పదు, పగలే పోయి చూసుకోవాలి!

అసలు నేర్పు ఆ తర్వాత. ఈ సీమలో చంద్రుడు నిటారుగా ఎక్కడు, కాస్త దక్షిణానికి ఒరుగుతాడు. రెండు డిగ్రీలు ఎక్కేసరికి దాదాపు తన వెడల్పంత పక్కకు పోతాడు. అతణ్ణి గోపురం వెనకే ఉంచాలంటే ఫోటోగ్రాఫర్ చీకట్లో, రాళ్లలో, పది మీటర్లు ఉత్తరానికి జరగాలి. చేతిలో ఉండేవి నిమిషాలే.

పున్నమి ముందురోజు ఇంకా మేలు. పొద్దు గుంకకముందే చంద్రుడు పైకొస్తాడు, కోటగోడల ఎర్రరాయి మీద వెలుగు మిగిలే ఉంటుంది. రాయి, చంద్రుడు రెండూ ఒకే క్లిక్కులో వివరంగా దొరుకుతాయి.